వెలగలగూడెం పాదరక్షల ఒడంబడిక

డిసెంబరు తొమ్మిదవ తేదీ, మంగళవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, వెలగలగూడెం వ్యవసాయ సహకార సంఘం వరండాలో మానవ సమాజం అధికారికంగా ఏర్పడింది. ఆ సమయంలో హాజరైనవారు: ప్రక్రియా సంస్కరణల ప్రత్యేకాధికారి డాక్టర్ శ్రీకంఠం గారు; సంఘం అధ్యక్షులు కంఠమనేని దొరయ్య గారు; కార్యదర్శి అడబాల త్రిమూర్తులు; ఫిర్యాదుదారు ఆదెమ్మ; ఫిర్యాదుకు కారణమైన కుక్క; గోడ వెంబడి బారుగా వంద పైచిలుకు జతల చెప్పులు. చెప్పుల యజమానులు ఎదుటి కాకా హోటల్లో టీ తాగుతున్నందున వారిని హాజరైనవారిగా పరిగణించలేదు.

అంతకుముందు ఆ ఊళ్లో మనుషులు లేరని కాదు. తరతరాలుగా ఉన్నారు. దున్నుకున్నారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పోట్లాడుకుని మళ్ళీ మాట్లాడుకున్నారు. అయితే వారు సమాజంగా ఏర్పడిన తేదీ రికార్డుల్లో ఎక్కడా లేదు. ఆ లోటు ఆ ఉదయం తీరింది. తీర్మానాల పుస్తకంలో ఆ వాక్యం రాసింది త్రిమూర్తులే. తన ఉద్యోగకాలంలో అతడు పైవారి ఆదేశం మీద ఇంతకంటే చిత్రమైన వాక్యాలే రాశాడు.

విషయమేమిటంటే, సంఘానికి యూరియా లారీ ఎప్పుడొస్తుందో లారీకి కూడా తెలియదు. వస్తుందన్న కబురు పుట్టగానే రైతులు వచ్చి, కాళ్ళ చెప్పులు విడిచి గోడ వెంట వరుసలో పెట్టి, నీడకు పోయేవారు. ఎవరి చెప్పులు ఎన్నో చోట ఉంటే వారిది అన్నో వంతు. చెప్పులకు ఎండ బాధ ఉండదు, దాహం వేయదు, ముందున్నవాడితో మాటామాటా పెరగదు. ఇంకొకరి చెప్పులు వెనక్కి తోసి తనవి ముందు పెట్టడమనే ఆలోచన ఆ ఊళ్లో ఎవరికీ కలగలేదు. కలగకూడదని ఎవరూ శాసించలేదు.

ఈ పద్ధతికి ఒక్కసారి మాత్రం భంగం కలిగింది. దొరయ్య గారి కుక్క ఆదెమ్మ ఎడమకాలి చెప్పును నోట కరుచుకుపోయి వరుస చివర పడేసింది. వరుసలోని వారందరూ ఆదెమ్మది నాలుగో చోటేనని ఒప్పుకున్నారు గనుక ఆమెకు నష్టమేమీ జరగలేదు. కానీ పెద్దింటి కుక్కను కట్టేయించడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదని ఆమె అర్జీ పెట్టుకుంది. అర్జీ మెట్టు మెట్టుకూ పైకి ఎక్కుతున్నకొద్దీ అందులో కుక్క చిన్నదవుతూ, వరుస పెద్దదవుతూ వచ్చింది. రాజధాని చేరేసరికి కుక్క పూర్తిగా రాలిపోయింది. మిగిలిన వరుసను పరిశీలించడానికి ప్రత్యేకాధికారి వచ్చారు.

డాక్టర్ శ్రీకంఠం గారు సాత్వికులు, నిష్కపటులు. ఆస్తి హక్కు ఆవిర్భావం మీద పదకొండేళ్లు శ్రమించి పరిశోధన గ్రంథం రాశారు. ప్రకృతి స్థితిలో విచ్చలవిడిగా తిరిగే మనుషులు ఒకనాడు కూడబలుక్కుని, ఒకరి జోలికి ఒకరు పోకూడదని ఒడంబడిక చేసుకున్నారనీ, నాది నీది అనే మాట అప్పుడే పుట్టిందనీ ఆ గ్రంథం సారాంశం. మౌఖిక పరీక్షలో ఒక వృద్ధ ఆచార్యుడు, "నాయనా, ఈ ఒడంబడిక ఏ ఊళ్లో, ఏ రోజున జరిగింది?" అని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. పట్టా ఇచ్చారు గానీ ఆ ప్రశ్న మాత్రం శ్రీకంఠం గారి గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. ఇప్పుడు వరండాలోని చెప్పుల బారు చూసి ఆయన అలాగే నిలబడిపోయారు.

"కార్యదర్శి గారూ! ఈ పాదరక్షలను ఇచ్చట ఉంచవలసిందిగా ఆదేశించినవారెవరు?"

"ఎవరూ లేరండీ. ఆళ్లే పెట్టుకుంటారండి," అన్నాడు త్రిమూర్తులు.

"ఇతరుల పాదరక్షలను స్థానభ్రంశం చేసినచో శిక్ష?"

"ఎవరు చేస్తారండీ?"

"చేసినచో?"

ఈ ప్రశ్న త్రిమూర్తులుకు ఎప్పుడూ ఎదురుకాలేదు. "బాగోదు కదండీ," అన్నాడు.

శ్రీకంఠం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అద్దాలు కాక కళ్లు తుడుచుకున్నారని దొరయ్య గారు తరువాత అన్నారు. "ఇంతటి మహత్తర సమ్మతి అలిఖితంగా, అనాథగా, ఒక గోడవారన పడి ఉన్నది. దీనికి నేడే లిఖిత రూపం ఇద్దాం. సమయం రాసుకోండి," అన్నారు.

తీర్మానం మొదలైంది. పాదరక్ష వ్యక్తి సంకల్పానికి స్థూలరూపమని ఒకటో నిబంధన. తనదైన వస్తువును భూమిపై వదిలి, తాను తొలగిపోవడమే సమస్త హక్కులకూ మూలమని రెండోది. అక్కడ త్రిమూర్తులు కలం ఆపాడు.

"మరి మనిషే వచ్చి వరసలో నిలబడితేనండీ?"

"అతడు దేనిని వదిలిపెట్టాడు?"

"ఏదీ వదల్లేదండీ. తనే ఉన్నాడు కదండీ."

"అదే లోపం! కంచె వేసినవాడు కంచెలో తాను నిలబడడు కదా? స్వయంగా నిలబడ్డవాడికి ఆకలి వేస్తుంది. కోపం వస్తుంది. తోసుకుంటాడు. అతడింకా ప్రకృతి స్థితిలో ఉన్నాడు. పాదరక్షకు ఈ దౌర్బల్యాలు లేవు. పౌరుడెలా ఉండాలో అలా ఉంది."

"బాగా సెలవిచ్చారండి," అన్నారు దొరయ్య గారు. ఊళ్లో మనుషులు చెప్పుల మాదిరిగా ఉంటే బాగుండునని ఆయనకు చాలాకాలంగా ఉంది.

"మరి కుక్క సంగతేంటి బాబూ?" అంది ఆదెమ్మ.

"శునకం ఒడంబడికలో పక్షం కాదమ్మా. పక్షం కానిదానిని నిబంధన బంధించదు. అయితే అది మీ పాదరక్షను మోసుకుపోయినందువల్ల మీ స్థానానికి భంగమూ లేదు."

"అంటే కట్టెయ్యరన్న మాట."

"దేనితో కడతామమ్మా? నిబంధనతోనే కదా కట్టాలి!"

"మా ఊళ్లో తాడుతో కడతారు బాబూ," అంది ఆదెమ్మ. ఆ మాట తీర్మానంలోకి ఎక్కలేదు.

మూడో నిబంధన అన్నిటికన్నా శాస్త్రీయమైనది. వస్తువులో మనిషి శ్రమ కలిసినప్పుడే అది అతని సొత్తవుతుంది గనుక, చెప్పులో తొక్కినవాడి అరికాలి గుంట ఏర్పడి ఉండాలి. యజమాని అధికారి సమక్షంలో అందులో పాదం మోపి, గుంటకూ పాదానికీ పొంతన చూపించాలి.

మర్నాడు పరీక్ష జరిగింది. టార్చిలైటుతో శ్రీకంఠం గారు ఒక్కొక్క పాదాన్నీ పరిశీలించారు. దొరయ్య గారు తన జతతో పాటు పాలేర్లవి, కూలీలవి కలిపి నలభై జతలు తెప్పించి అందరికన్నా ముందు పెట్టించారు.

"మా పాలేరు తొక్కింది నేను తొక్కినట్టే కదండీ?"

"నిస్సందేహంగా! సేవకుని శ్రమ యజమాని శ్రమయే. గ్రంథాలన్నీ ఈ విషయంలో ఏకాభిప్రాయంతో ఉన్నవి."

గ్రంథాలు రాసినవారికి పాలేర్లు ఉండి ఉంటారని త్రిమూర్తులు అనుకున్నాడు. అనుకున్నవి రాయడం అతని ఉద్యోగంలో భాగం కాదు.

అప్పుడు వచ్చాడు కొప్పిశెట్టి అబ్బులు. నల్ల పంచె, మెడలో మాల, నుదుట విభూతి, వట్టి కాళ్లు. త్రిమూర్తులుకు పక్కింటివాడు, వరసకు బావమరిది. మామూలు రోజుల్లో "ఏం బావా" అనేవాడు గానీ అయ్యప్ప దీక్షలో ఉన్నన్నాళ్లూ ఎదుటివాడు ఎవరైనా 'స్వామి'యే. మగవాడైతే స్వామి, ఆడదైతే మాత. దొరయ్య గారి రెండెకరాల చేను కౌలుకు తీసుకుని మొక్కజొన్న వేశాడు. పైరు మోకాలెత్తు ఎదిగి, తొలిదఫా యూరియా కోసం ఎదురుచూస్తోంది. నిరుడు కత్తెరపురుగు పడి పంట సగమే చేతికొచ్చింది. ఈసారి కూడా అలాగే అయితే చేను వేరేవారికి ఇస్తానని దొరయ్య గారు అప్పుడే చెప్పేశారు. రెండు కట్టలు దొరికితే పంటా నిలుస్తుంది, కౌలూ నిలుస్తుంది. దొరక్కపోతే రెండూ పోతాయి.

"స్వామియే శరణం," అని అబ్బులు చేతులు జోడించాడు. వెనకే అతని భార్య ఒక పాత చేటలో అతని చెప్పులు పెట్టుకుని వచ్చింది.

"స్వామి శరణం," అని శ్రీకంఠం గారు కూడా భక్తితో చేతులు జోడించారు. "పాదం మోపండి."

"మోపకూడదు స్వామీ. దీచ్చలో ఉన్నాను."

"మోపనిచో ఇవి మీవని నిర్ధారణ ఎలా?"

"నాయే స్వామీ. ఊరందరికీ తెలుసు."

"ఊరికి తెలిసినది జ్ఞానం. మనకు కావలసినది నిర్ధారణ."

"ఓ పని చెయ్యండి స్వామీ. వరసలో నేనే నిలబడతాను. రాత్రీ పగలూ ఇక్కడే ఉంటాను. నేల మీద పడుకోడం మాకలవాటే."

శ్రీకంఠం గారు జాలిగా తల అడ్డంగా ఊపారు. రెండో నిబంధన ప్రకారం అబ్బులు ఎంత సేపు నిలబడితే అంత ప్రకృతి స్థితిలోకి పోతాడు. త్రిమూర్తులు కల్పించుకున్నాడు.

"దీక్షాపరులకు మినహాయింపేదైనా రాద్దామాండీ?"

"అక్కడే చిక్కు ఉన్నది. దీక్ష అనగా ఏమి? అదీ ఒక ఒడంబడికయే. వీరు ఇదివరకే మరొక మహాశక్తితో ఒప్పందంలో ఉన్నారు. పూర్వ ఒడంబడిక అమలులో ఉండగా ఉత్తర ఒడంబడికలో చేరాలంటే ఎదుటి పక్షం నుంచి నిరభ్యంతర పత్రం అవసరం."

"ఎదుటి పచ్చమంటే ఎవరు స్వామీ?" అన్నాడు అబ్బులు.

"మీరు ఎవరితో దీక్ష తీసుకున్నారో వారు."

అబ్బులు దక్షిణం వైపు చూశాడు. "ఆయన కొండ మీదుంటాడు స్వామీ."

"రిజిస్టర్డు పోస్టులో పంపవచ్చు."

మాల వేసిన గురుస్వామి సంతకం చాలదా అని త్రిమూర్తులు అడిగాడు. దేవుని తరఫున సంతకం చేయడానికి ఆయనకు అధికార పత్రం ఉన్నదా అని శ్రీకంఠం గారు తిరిగి అడిగారు. గురుస్వామి దగ్గర తంబురా, తాళాలు తప్ప మరేమీ లేవు. భార్య చెప్పులు పెడదామంటే కౌలు ఆమె పేరున లేదు. పట్నం దుకాణాల్లో కొందామంటే, అక్కర్లేని పురుగుమందు రెండు డబ్బాలు కొన్నవాడికే ఒక కట్ట యూరియా. మాల మధ్యలో తీసేయడం అబ్బులు ఊహకు అందని సంగతి. అతడు చేటతో సహా భార్యను ఇంటికి పంపేసి, గేటు బయట గోడకానుకుని కూర్చున్నాడు.

ఒడంబడిక మాత్రం పురోగమిస్తూనే ఉంది. ఎవరో రైతు పొలానికి వెళ్లడానికి తన చెప్పులు తొడుక్కోబోతే శ్రీకంఠం గారు పరుగెత్తుకొచ్చి ఆపారు. వరుసలోంచి తీసిన చెప్పు వదిలేసిన హక్కుతో సమానమని నాలుగో నిబంధన వచ్చింది. దాంతో చెప్పులు వరండాలో ఉండిపోయాయి. వాటికి ఎండ తగలకుండా టార్పాలిన్ కట్టారు. కుక్క రాకుండా ఒక కావలివాడిని పెట్టారు. దొరయ్య గారి మనిషే. ఊరు ఊరంతా వట్టి కాళ్లతో నడవసాగింది. తుమ్మముళ్లు తీయించుకునేవారితో ఆరోగ్య ఉపకేంద్రం కిటకిటలాడింది. సాయంత్రం పూట తమ చెప్పులు ఎలా ఉన్నాయో చూసుకోవడానికి జనం సంఘం గేటు దగ్గర గుమిగూడేవారు. జైల్లో ఉన్న బంధువులను చూడవచ్చినవాళ్లలా ఉండేవారు.

ఆ గుంపును చూసి శ్రీకంఠం గారికి ఒక భయం పట్టుకుంది. వట్టి కాళ్ల వాళ్లంతా అబ్బులు లాగే కనిపిస్తున్నారు. ఎవరు ప్రకృతి స్థితిలో ఉన్నారో, ఎవరు సమాజంలో ఉన్నారో తెలియడం లేదు. ప్రకృతి స్థితి యుద్ధ స్థితి అని గ్రంథాలు చెబుతున్నాయి. కనుక పాదరక్షలు లేనివారికి ప్రాంగణంలో ప్రవేశం లేదని అయిదో నిబంధన బోర్డు మీదికి ఎక్కింది.

ఈలోగా త్రిమూర్తులు ఒక ఉదయం అబ్బులు చేను గట్టు మీదికి వెళ్లాడు. కింది ఆకులు కొసల నుంచి ఈనె వెంబడి పసుపుపచ్చగా తిరుగుతున్నాయి. అబ్బులు ఒక ఆకు తుంచి బావ చేతిలో పెట్టాడు.

"ఇంకో రెండు మూడు రోజులు స్వామీ. ఆ తర్వాత బంగారం పోసినా కంకి నిండదు."

"ఏదో ఒకటి చేద్దాంలే," అన్నాడు త్రిమూర్తులు. తిరిగి వస్తుంటే ఆ మాట అతనికి తన ఆఫీసులో రోజూ వినబడే మాటలాగే వినిపించింది.

ఆ మర్నాడే లారీ వచ్చింది. లారీతో పాటు చెప్పుల కాళ్లతో వచ్చిన హమాలీలు కట్టలు దించి, నిబంధనల ప్రకారం ఒక్కొక్క జత ముందు రెండేసి చొప్పున పెట్టి వెళ్లిపోయారు. వరండా నిండి, ఆవరణ కూడా నిండింది. చెప్పులకు యూరియా అందింది. చెప్పుల యజమానులు గేటు బయట నిలబడి ఉన్నారు. లోపలికి రావాలంటే కాళ్లకు చెప్పులుండాలి. చెప్పులు లోపల ఉన్నాయి. వాటిని తీస్తే హక్కు పోతుంది. ఇంట్లో రెండో జత ఉన్నవాళ్లు మాత్రం రావచ్చు. ఆ ఊళ్లో రెండో జత ఉన్నది దొరయ్య గారికే. ఆయన తోలు బూట్లతో టకటకమంటూ లోపలికి వచ్చి, తన ఎనభై కట్టలను ట్రాక్టరుకు ఎత్తించడానికి మనుషులను పిలవబోయి, వాళ్లు కూడా వట్టి కాళ్లతో గేటు బయటే ఉన్నారని గుర్తొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"అధ్యక్షా, ఒడంబడిక ఫలించింది. తోపులాట లేదు, అరుపులు లేవు, ఒక్క కట్ట కూడా అటూ ఇటూ కదలలేదు!" అన్నారు శ్రీకంఠం గారు.

"కదలాలి కదండీ మరి," అన్నారు దొరయ్య గారు కొంచెం నీరసంగా.

అప్పుడు గేటు దగ్గర ఆదెమ్మ కొంగు బిగించి ముందుకొచ్చింది.

"బాబూ, తెలవక అడుగుతాను. మా సెప్పులు లోపలున్నాయి కాబట్టి మేం మీ రూలు దాటకూడదు. అంతేనా?"

"అంతే. మీరు ఒడంబడికలో పక్షాలు."

"ఈ స్వామి సెప్పులు లోపల లేవు."

"లేవు."

"మరి ఈయనకో?"

"వర్తించదు. పక్షం కానివానిని నిబంధన బంధించదు."

"దొరయ్యగారి కుక్కకి మల్లే."

"చక్కగా గ్రహించావమ్మా!"

"మరైతే ఆ కట్టలు ఎవరియి?"

శ్రీకంఠం గారి కంఠం ఒక్కసారి తరగతి గది కంఠమైపోయింది. "ఒడంబడికలో ఉన్నవారికి ఎవరి పాదరక్షల ముందున్నవి వారివి. ప్రకృతి స్థితిలో ఉన్నవానికి నాది, నీది అనే భేదమే లేదు. సమస్త వస్తువుల మీదా సమస్త హక్కూ అతనికి ఉంటుంది."

"అన్నిటి మీదానా?"

"అన్నిటి మీదా."

ఆదెమ్మ గోడకానుకుని కూర్చున్న అబ్బులు వైపు తిరిగింది. "ఇన్నావా స్వామీ?"

"తప్పు కదా మాతా?"

"నీ మేనత్తనిరా, మాతేంటి! ఆ బాబునే అడుగు."

అబ్బులు లేచి వచ్చాడు. "తప్పు కదా స్వామీ?"

"తప్పొప్పులు ఒడంబడిక తరువాత పుట్టినవి."

"పైనున్నాయన సూత్తాడు కదా?"

"అది మీ పూర్వ ఒడంబడిక. దానిలో ప్రభుత్వం జోక్యం చేసుకోదు."

అబ్బులు కళ్లు మూసుకున్నాడు. ఏమని మొక్కుకున్నాడో త్రిమూర్తులుకు తెలియదు. కళ్లు తెరిచి, గేటు దాటి, టార్పాలిన్ కిందికి వెళ్లి, అందరికన్నా ముందున్న జత దగ్గర కట్టలు రెండు ఎత్తి ఒకదాని తరువాత ఒకటి గేటు బయటున్న తన సైకిలు మీద వేసుకున్నాడు. అవి దొరయ్య గారివి. మూడో కట్ట వైపు చూడనైనా లేదు. కండువా కొసన ముడి వేసి తెచ్చిన ధర విప్పి త్రిమూర్తులుకు ఇవ్వబోతే, ప్రకృతి స్థితిలో ధర ఉండదని శ్రీకంఠం గారు పుచ్చుకోనివ్వలేదు.

"దొంగ! పట్టుకోండ్రా!" అని దొరయ్య గారు అరిచారు.

"అధ్యక్షా, ఆ మాట ఉపసంహరించుకోవాలి," అన్నారు శ్రీకంఠం గారు. "దొంగతనానికి ముందు ఆస్తి ఉండాలి. ఆస్తికి ముందు ఒడంబడిక ఉండాలి. ఈయన ఒడంబడికకు ముందున్నారు. తొలి మానవుడు నా కళ్లెదుట తొలి వస్తువును స్వీకరించాడు. మీకు ఒళ్లు పులకరించడం లేదా?"

దొరయ్య గారికి ఒళ్లు వేరేవిధంగా ఉంది.

"స్వామీ, ఎల్లేముందు మా సెప్పులు అందియ్యవా?" అంది ఆదెమ్మ. శ్రీకంఠం గారు నోరు తెరవబోతుంటే ఆమె అందుకుంది. "కుక్క మోసుకుపోతే నా వరస పోదని మీరే సెప్పారు బాబూ. ఈ స్వామి మోసుకొత్తే మాత్రం ఎందుకు పోద్ది?"

ఆ తర్కంలో లోపం ఉన్నదేమోనని ప్రత్యేకాధికారి చాలాసేపు వెతికారు. దొరకలేదు. ఆయన వెతుకుతున్నంతసేపూ అబ్బులు చెప్పులు అందించాడు. జనం తొడుక్కుని వచ్చి ఎవరి కట్టలు వారు తీసుకుని ధర కట్టి పోయారు.

దొరయ్య గారు మాత్రం ఊరక కూర్చునే మనిషి కాదు. "అయితే ఆడ్ని ఇప్పుడే ఒడంబడికలో కలిపెయ్యండి! కలిశాక నా కట్టలు నాకు తిరిగియ్యాలి కదా?" అన్నారు.

"ఇవ్వాలి. కాని దేవుని నిరభ్యంతర పత్రం..."

"అధ్యక్షుణ్ణి నేను, నేనే అడుగుతున్నానండీ. మినహాయింపు రాయండి."

"అధ్యక్షులే కోరినచో రాయవచ్చు," అన్నారు శ్రీకంఠం గారు. ఇన్ని రోజులుగా సాధ్యం కానిది టీ చల్లారేలోగా సాధ్యమైంది. "కార్యదర్శి గారూ, ప్రవేశ పత్రం ముసాయిదా సిద్ధం చేయండి."

త్రిమూర్తులు గడియారం చూశాడు. రెండెకరాల్లో మొక్క మొక్క మొదట్లో ఎరువు వేసి, మట్టి ఎగదోసి, నీళ్లు పెట్టడానికి అబ్బులుకూ అతని భార్యకూ చీకటిపడేదాకా పడుతుంది. త్రిమూర్తులుకు చేతనైన విద్య ఒకటే ఉంది. అది ప్రతి సర్కారు కార్యాలయంలోనూ నేర్పుతారు. ఇంతకాలం దానిని అతడు జనం మీద ప్రయోగించాడు. ఇవాళ కుర్చీ ముందుకు జరుపుకుని, కొత్త రీఫిలు వేసుకుని, మొదటిసారిగా జనం తరఫున ప్రయోగించాడు.

"సందేహమండీ. ప్రకృతి స్థితిలో ఉన్న మనిషికి ఇంటిపేరు ఉంటుందాండీ?"

శ్రీకంఠం గారి ముఖం వికసించింది. "అద్భుతమైన ప్రశ్న! కూర్చోండి, చెబుతాను."

ఇంటిపేరు మీద మధ్యాహ్న భోజనం దాకా గడిచింది. భోజనం తరువాత, ఒడంబడికకు ముందు వివాహం లేదు గనుక తండ్రి పేరు గడిలో ఏమి రాయాలనే ప్రశ్న వచ్చింది. దానికి రెండు వాదాలున్నాయి. త్రిమూర్తులు రెండింటికీ తలూపి, మధ్యే మార్గంగా మూడో వాదం ఏదైనా ఉందా అని వినయంగా అడిగాడు. ఉంది. దొరయ్య గారు వరండాలో బూట్లతో అటూ ఇటూ తిరుగుతూ, "ఏవయ్యా త్రిమూర్తులూ, అయ్యిందా?" అని అరగంటకోసారి కేకవేశారు. "ఆఖరి పేరానండీ," అని త్రిమూర్తులు ప్రతిసారీ జవాబిచ్చాడు. పత్రం మంచి కాగితం మీదికి ఎక్కించాక ఒకచోట కొట్టివేత పడింది. కొట్టివేత ఉన్న పత్రంతో మానవుడిని సమాజంలోకి తీసుకోవడం బాగుండదని అతడు మొదటినుంచీ తిరగరాశాడు.

పొద్దువాలాక అబ్బులు వచ్చాడు. మోకాళ్ల దాకా బురద. పత్రం చదివి వినిపిస్తే, "ఎక్కడ పెట్టమంటారు స్వామీ?" అని సంతోషంగా సంతకం పెట్టాడు.

"ఇప్పుడు కట్టలు కక్కు," అన్నారు దొరయ్య గారు.

అబ్బులు చంకలోంచి శుభ్రంగా మడతపెట్టిన ఖాళీ గోతాలు రెండు తీసి బల్ల మీద పెట్టాడు.

"లోపలిదేదిరా?"

"చేలో ఏసేశాను స్వామీ. నీళ్లు కూడా పెట్టేశాను. కరిగిపోయింది."

దొరయ్య గారి ముఖం ఎర్రబడింది. శ్రీకంఠం గారు చెయ్యెత్తి అందరినీ ఆపారు. "శాంతించండి. శాస్త్రం స్పష్టంగా ఉన్నది. భూమిలో కలిసినది భూమిలో భాగం. భూమి ఎవరిది?"

త్రిమూర్తులు గొంతు సవరించుకున్నాడు. "దొరయ్య గారిదేనండీ."

"అయితే వివాదమేది? అధ్యక్షుల సొత్తు అధ్యక్షుల భూమికే చేరింది. స్వాధీనం సంపూర్ణం. చేరవేసిన శ్రమ కూడా ఈయనే భరించారు. ముట్టినట్టుగా అధ్యక్షులు రసీదు ఇస్తే సరిపోతుంది."

"పంట ఆడిది కదండీ!" అన్నారు దొరయ్య గారు.

"పంట ఇంకా పుట్టలేదు. పుట్టని దానిమీద తగాదా ప్రకృతి స్థితిలో కూడా లేదు."

"నేను సంతకం పెట్టను."

"తమరి భూమికి చేరినది తమకు చేరలేదంటే, ఆ భూమి తమది కాదని అర్థం వస్తుంది." శ్రీకంఠం గారి కంఠంలో బెదిరింపు లేదు. శుద్ధమైన కుతూహలమే ఉంది. "అలాగని రాయమంటారా?"

కిటికీ అవతల ఆదెమ్మ, ఆమె వెనక ఊరు సగం నిలబడి వింటున్నారు. కౌలుదారులు కొంచెం ముందుకు జరిగారు.

"భూమి నాదే!" అన్నారు దొరయ్య గారు.

"అయితే ఇక్కడ," అని త్రిమూర్తులు గీత ఉన్న చోటు వేలితో చూపించాడు.

దొరయ్య గారు సంతకం చేశారు. త్రిమూర్తులు సిరా ఆరేదాకా ఆగి, రసీదును మూడు మడతలు పెట్టి, బీరువా తెరిచి, 'పరిష్కరించినవి' అని రాసి ఉన్న దస్త్రంలో పెట్టాడు. ఆ దస్త్రంలో అదే మొదటి కాగితం.